‘పావోలీని కూడా లేటుగానే వచ్చింది కదా’ అంటోంది మా అమ్మాయి

హైదరాబాద్‌లో ఉంటున్న ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఏదీ దాచుకోకుండా వివరంగా రాశారు. పేర్లు వద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఆమె కూతురికి 23 ఏళ్లు. ఎనిమిదో ఏట టెన్నిస్ రాకెట్ పట్టింది. జూనియర్స్‌లో రాష్ట్రస్థాయిలో మంచి పేరు తెచ్చుకుంది. ఇంటర్ తర్వాత కాలేజీకి వెళ్లకుండా దూరవిద్యలో డిగ్రీ పూర్తిచేసి, పూర్తిగా ఆట మీదే ఉంది. ఎక్కువగా మొత్తం బహుమతి 15 వేల డాలర్లు ఉండే ఐటీఎఫ్ (అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య) టోర్నీలు ఆడుతుంది. ర్యాంకు ఒకసారి 540 దాకా వెళ్లింది. పోయినేడాది భుజం నొప్పితో కొన్ని నెలలు ఇంట్లోనే ఉండిపోవడంతో ఇప్పుడు 700 దాటింది.

తండ్రి ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తారు. రిటైర్మెంటు దగ్గరపడింది. ఊళ్లో ఉన్న ఎకరం పొలం ఈ ఆట కోసమే అమ్మారు. ఆయన దగ్గర ఒక నోట్‌బుక్ ఉంది. కోచింగ్ ఫీజు, ఫిజియో, టికెట్లు, హోటళ్లు, వీసాలు, స్ట్రింగ్స్, ప్రతి పైసా అందులో రాసి ఉంటుంది. ఇదివరకు బీరువాలో ఉండే ఆ పుస్తకం ఈమధ్య డైనింగ్ టేబుల్ మీదికి వచ్చింది. కొడుకు ఈ ఏడాది ఇంజినీరింగ్‌లో చేరాలి.

అమ్మాయి కష్టపడే పిల్లే. డబ్బు ఆదా అవుతుందని రాకెట్లకు స్ట్రింగ్స్ వేయడం తనే నేర్చుకుంది. బయటి ఊళ్లకు వెళ్లినప్పుడు తల్లి చిన్న రైస్ కుక్కర్ తీసుకెళ్లి రూములోనే అన్నం వండి, ఇంటి నుంచి తెచ్చిన పచ్చడితో పెడుతుంది.

ఆట మానేసే మాట ఎప్పుడొచ్చినా కూతురి నోట ఒకటే పేరు. ‘జాస్మిన్ పావోలీని 28 ఏళ్లకు గ్రాండ్‌స్లామ్ ఫైనల్ ఆడింది నాన్నా. అప్పటిదాకా ఆమె ఎవరికి తెలుసు?’ దానికి తండ్రి సమాధానమూ ఒకటే. ‘ఆమె ఇటలీలో పుట్టింది, నువ్వు ఇక్కడ పుట్టావు.’ ఈలోగా బంధువులు ఒక సంబంధం తెచ్చారు. పెళ్లిచూపులకు ఒప్పుకో, లేదంటే నీ డబ్బుతో నువ్వు ఆడుకో అన్నారాయన. అప్పటి నుంచి తండ్రీ కూతుళ్ల మధ్య మాటల్లేవు. ఇద్దరూ తల్లితోనే చెబుతారు.

‘ఆడమనాలా, ఆపమనాలా? ఏది చెప్పినా రేపు తప్పు నాదే అవుతుందేమోనని టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఆ పావోలీని కథలో మా అమ్మాయికి నిజంగా ఆశ ఉందా?’ అని అడిగారు.

*

అమ్మా, మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. పావోలీని పేరు మీ ఇంట్లో ఒకరు వాదన గెలవడానికి, ఇంకొకరు లేచి వెళ్లిపోవడానికి పనికొస్తోంది. ఆమె అక్కడిదాకా ఎలా వచ్చిందో ముగ్గురూ కూర్చుని ఒక్కసారి చూసి ఉంటే గొడవలో సగం తగ్గేది. ఆ పని ముందు మనిద్దరం చేద్దాం.

పావోలీని 1996 జనవరిలో ఇటలీలోని టస్కనీలో పుట్టింది. కొండల మధ్య ఉన్న బాన్యీ ది లుక్కా అనే చిన్న ఊళ్లో పెరిగింది. తండ్రి ఇటాలియన్, తల్లి వైపు ఘనా, పోలండ్ మూలాలు ఉన్నాయి. ఎత్తు 1.63 మీటర్లు, అంటే మన లెక్కలో అయిదడుగుల నాలుగు అంగుళాలు. పొడుగాటి అమ్మాయిలు సర్వీసుతోనే పాయింట్లు లాగేసే ఈ కాలంలో అది తక్కువ ఎత్తే. ఊరి క్లబ్బులో మొదలుపెట్టి, తర్వాత పీసా దగ్గర సముద్రం ఒడ్డున తిర్రేనియాలో ఇటలీ టెన్నిస్ ఫెడరేషన్ నడిపే శిక్షణ కేంద్రానికి వెళ్లింది. ఒకప్పుడు ప్రపంచ 19వ ర్యాంకు దాకా వెళ్లిన రెంజో ఫుర్లాన్ ఆమెకు కోచ్ అయ్యాడు. 2025లో విడిపోయేదాకా ఏళ్ల తరబడి ఆయనే దగ్గరుండి ఆమె ఆటను తీర్చాడు.

2024 సంగతి మీ అమ్మాయికి కంఠతా వచ్చి ఉంటుంది. అంతకుముందు ఆస్ట్రేలియన్ ఓపెన్, రోలాండ్ గారోస్ (ఫ్రెంచ్ ఓపెన్), వింబుల్డన్, యూఎస్ ఓపెన్ అనే నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో ఏ ఒక్కదాంట్లోనూ సింగిల్స్‌లో పావోలీని రెండో రౌండ్ దాటలేదు. వింబుల్డన్ మెయిన్ డ్రాలో, అంటే అసలు పోటీలో, ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. ఆ ఫిబ్రవరిలో దుబాయ్ ఫైనల్లో మొదటి సెట్ పోగొట్టుకుని కూడా కలిన్‌స్కాయాను 4-6, 7-5, 7-5తో ఓడించి పెద్ద టైటిల్ గెలిచింది. జూన్‌లో రోలాండ్ గారోస్ ఫైనల్ చేరి ష్వియాంటెక్ చేతిలో ఓడింది. అయిదు వారాలు తిరిగేసరికి వింబుల్డన్ ఫైనల్లో ఉంది. ఆ సెమీఫైనల్ నేను మొదటి నుంచి చివరిదాకా చూశాను. డోనా వెకిచ్ మీద మొదటి సెట్ 2-6తో పోయింది. రెండోది 6-4తో గెలిచింది. మూడో సెట్ టైబ్రేక్‌లోకి వెళ్లింది. అవతల వెకిచ్ నొప్పితో, అలసటతో కన్నీళ్లు తుడుచుకుంటూ ఆడుతోంది. ఇవతల ఈ పొట్టి అమ్మాయి పాయింటు పోయిన ప్రతిసారీ తన బాక్సు వైపు చూసి మళ్లీ గీత దగ్గరికి వచ్చి నిలబడుతోంది. టైబ్రేక్ 10-8. మొత్తం 2 గంటల 51 నిమిషాలు. వింబుల్డన్‌లో మహిళల సెమీఫైనల్ అంతసేపు సాగడం అదే మొదటిసారి. ఫైనల్లో క్రెజికోవా చేతిలో మూడు సెట్లలో ఓడింది. ఆగస్టులో సారా ఎర్రానీతో కలిసి పారిస్ ఒలింపిక్స్ డబుల్స్ స్వర్ణం గెలిచింది. టెన్నిస్‌లో ఇటలీకి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. ఏడాది ముగిసేసరికి ప్రపంచ 4వ ర్యాంకు. 2025లో రోమ్‌లో సింగిల్స్, డబుల్స్ రెండూ గెలిచింది. సొంతగడ్డ మీద ఆ సింగిల్స్ టైటిల్‌ను ఇటలీ అమ్మాయి గెలవడం 1985 తర్వాత మళ్లీ అప్పుడే.

ఇంత గొప్ప కథ చూసి మీ అమ్మాయి గుండె పొంగిందంటే తప్పేముంది? నాకూ పొంగింది. కానీ ఆమె 2024 నుంచి వెనక్కి చూస్తోంది. మనం మీ అమ్మాయి వయసులో పావోలీని ఎక్కడుందో అక్కణ్ణుంచి ముందుకు చూడాలి.

పావోలీని 21 ఏళ్లకే తొలి 200 ర్యాంకుల లోపు వచ్చింది. 2019లో, సరిగ్గా మీ అమ్మాయి వయసులో, రోలాండ్ గారోస్ క్వాలిఫయింగ్ (అసలు పోటీకి ముందు జరిగే అర్హత మ్యాచ్‌లు) గెలిచి మెయిన్ డ్రాలో ఆడింది. ఆ తర్వాత తొలి వందలోకి వచ్చింది. 2021లో స్లొవేనియాలోని పోర్తొరోజ్‌లో తొలి డబ్ల్యూటీఏ (మహిళల ప్రొఫెషనల్ టెన్నిస్ సంఘం) టైటిల్. 2022లో ఇండియన్ వెల్స్‌లో అప్పటి ప్రపంచ 3వ ర్యాంకు సబలెంకాను ఓడించింది. ‘అప్పటిదాకా ఆమె ఎవరికి తెలుసు’ అన్నది టీవీలో ఫైనల్స్ మాత్రమే చూసేవాళ్ల మాట. టెన్నిస్ ఆడేవాళ్లకు ఆమె బాగానే తెలుసు. 23 ఏళ్లకు ఆమె వందో ర్యాంకు గుమ్మంలో నిలబడి ఉంది. అక్కణ్ణుంచి నాలుగుకు చేరడానికి అయిదేళ్లు పట్టింది. 700 నుంచి 100కు రావడం వేరే ప్రయాణం. పావోలీని 28 ఏళ్ల కథ మొదటి ప్రయాణానికి సాక్ష్యం అవుతుంది కానీ రెండోదానికి కాదు. మీ అమ్మాయికి ఈ మాట కటువుగా అనిపిస్తుంది. అయినా ఆమెకు తెలియాలి, అది కూడా నాన్న నోటి నుంచి దెప్పిపొడుపుగా కాకుండా.

ఇటలీ వాళ్లలో ఆలస్యంగా గెలిచినవాళ్లు ఇంకా ఉన్నారు. ఫ్రాంచెస్కా స్కియావోనె 2010లో, 30వ పుట్టినరోజుకు కొద్దిరోజుల ముందు, రోలాండ్ గారోస్ గెలిచింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ గెలిచిన మొదటి ఇటలీ మహిళ ఆమే. కానీ అదే టోర్నీలో 2001లోనే క్వార్టర్‌ఫైనల్ ఆడింది. ఫ్లావియా పెన్నెట్టా 33 ఏళ్లకు యూఎస్ ఓపెన్ గెలిచింది, కానీ మొదటి డబ్ల్యూటీఏ టైటిల్ 22 ఏళ్లకే వచ్చింది. వీళ్లందరికీ కప్పు లేటుగా అందింది. ఆ స్థాయికి చేరడం మాత్రం లేటు కాలేదు.

మీ అమ్మాయి పక్షాన చెప్పవలసిన పేరు కూడా ఒకటి ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. మార్టినా ట్రెవిసాన్. ఫ్లోరెన్స్ అమ్మాయి. జూనియర్స్‌లో ఆశలు రేపి, 16 ఏళ్లకే ఆట వదిలేసింది. ఒత్తిడి, తిండి మానేసే జబ్బు, ఇంట్లో సమస్యలు. దాదాపు నాలుగేళ్లు పోటీలకు దూరంగా ఉంది. చికిత్స తీసుకుంది, పిల్లలకు టెన్నిస్ నేర్పింది, 2014లో మళ్లీ చిన్న టోర్నీల నుంచి మొదలుపెట్టింది. 2020లో, 26 ఏళ్లకు, మొదటిసారి గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో ఆడింది. ఆ ఏడాదే 159వ ర్యాంకులో ఉండి, క్వాలిఫయర్‌గా రోలాండ్ గారోస్ క్వార్టర్‌ఫైనల్ చేరింది. 2022లో సెమీఫైనల్. 2023లో 18వ ర్యాంకు. అంటే 23 దాటాక ఎదగడం అసాధ్యమేమీ కాదు. కానీ ట్రెవిసాన్ వెనక్కి వచ్చింది ఎవరికో ఏదో నిరూపించడానికి కాదు. ఆట మీద ఇష్టం తిరిగి వచ్చాకే వచ్చింది. మీ అమ్మాయి ఇప్పుడు ఇష్టంతో ఆడుతోందా, పొలం అమ్మించాను కాబట్టి ఆపే హక్కు నాకు లేదని ఆడుతోందా? మీ ఉత్తరంలో దీని గురించి ఒక్క మాట కూడా లేదు. ‘ఓడి వచ్చిన రోజు అన్నం తినదు’ అని మాత్రం రాశారు. అది ఓడిన రోజుతో ఆగుతోందో లేదో గమనించండి. తిండి, నిద్ర వరుసగా తప్పుతుంటే ఆట సంగతి పక్కనపెట్టి ముందు డాక్టర్‌కు చూపించండి.

ఇక మీవారి మాట. ‘ఆమె ఇటలీలో పుట్టింది’ అన్నది కోపంతో అన్నా, అందులో నిజం ఉంది. అయితే ఆ నిజం ఏమిటో విడదీసి చూడాలి. అక్కడ చాలా చిన్న ఊళ్లలో కూడా టెన్నిస్ క్లబ్బు ఉంటుంది. క్లబ్బుల మధ్య దేశవ్యాప్త లీగ్ ఉంది, మంచి ర్యాంకు ఉన్నవాళ్లు కూడా తమ క్లబ్బు తరఫున అందులో ఆడతారు. వసంతం నుంచి శరత్కాలం దాకా దేశంలోనే బోలెడు టోర్నీలు జరుగుతాయి. ఇంకో దేశం వెళ్లాలన్నా రైలెక్కితే చాలు. రోమ్‌లో జరిగే పెద్ద టోర్నీకి స్థానికుల కోసం విడిగా ప్రీ-క్వాలిఫయింగ్ పెట్టి, గెలిచినవాళ్లకు వైల్డ్ కార్డులు, అంటే ర్యాంకుతో పనిలేకుండా ప్రవేశం, ఇస్తారు. ఓడినా ఖర్చు తక్కువ కాబట్టి వచ్చే వారం మళ్లీ ఆడొచ్చు.

మీ అమ్మాయికి అలా లేదు. మనదేశంలో ఐటీఎఫ్ మహిళల టోర్నీలు జరుగుతాయి కానీ ఏడాది పొడవునా వరసగా ఉండవు. మిగతా వారాల్లో టునీషియాలోని మొనాస్టిర్‌కో, టర్కీలోని అంటాల్యాకో వెళ్లాలి. టికెట్, వీసా, హోటల్. మొదటి రౌండ్‌లో ఓడితే చేతికొచ్చేది హోటల్ బిల్లుకు కూడా చాలదు. అదే స్లామ్‌ల స్థాయికి చేరితే ఓటమికి కూడా డబ్బు వస్తుంది. 2024లో రోలాండ్ గారోస్ క్వాలిఫయింగ్ మొదటి రౌండ్‌లో ఓడినవాళ్లకే 20,000 యూరోలు ఇచ్చారు, దాదాపు 18 లక్షల రూపాయలు. 2024 దాకా పావోలీని స్లామ్‌లలో అన్నేళ్లు రెండో రౌండ్ దాటకపోయినా నిలబడగలిగిందంటే దానికి ఇదొక కారణం. మనం ఆమె పట్టుదల చూస్తున్నాం. ఆ పట్టుదలకు కింద ఉన్న గట్టి నేలను చూడడం లేదు.

కాబట్టి మీ ఇంట్లో ఇద్దరిదీ తప్పు లేదు. అమ్మాయి ఒక సగం చూస్తోంది, నాన్న ఇంకో సగం చూస్తున్నారు.

ఇప్పుడు మీ ఉత్తరంలో ముడిపడిపోయిన విషయాలను విడదీద్దాం. మొదటిది డబ్బు. పొలం పోయింది. అమ్మాయి ఆడినా, మానేసినా అది తిరిగి రాదు. ‘ఎకరం పోయింది, ఇప్పుడు మానేస్తే ఎలా’ అనుకోవడం, మూడొందల అడుగులు బోరు వేశాం కాబట్టి ఇంకో యాభై అడుగులు వేద్దాం అనుకోవడం లాంటిదే. యాభై అడుగులు వేయాలా వద్దా అన్నది ఇప్పటిదాకా తవ్వినదాన్ని బట్టి కాదు, కింద నీళ్లున్న జాడను బట్టి తేల్చుకోవాలి. ఆ నోట్‌బుక్‌లో పాత పేజీలు పాపకు చూపించి లాభం లేదు, ఆ అపరాధభావంతో ఆమె సర్వీసు బాగుపడదు. ఒక కొత్త పేజీ తెరిచి, ఇకముందు ఎంత పెట్టగలమో ఆయనే రాయాలి. కొడుకు ఫీజు, మీ ఇద్దరి రిటైర్మెంటు పక్కన పెట్టాక మిగిలినదే ఆ అంకె. అది సున్నా అయితే సున్నా అనే చెప్పాలి. అప్పు చేసి మాత్రం వద్దు.

రెండోది పెళ్లి. దయచేసి దీన్ని ఆటతో కలపకండి. ‘ఆట మానేస్తే పెళ్లి’ అన్నప్పుడు పెళ్లి ఆమెకు శిక్షలా కనిపిస్తుంది. అలా తలవంచి పీటల మీద కూర్చున్న పిల్ల ఆ బరువును ఆ అబ్బాయి ఇంటికీ మోసుకెళ్తుంది. ఆమె ఆడుతూ పెళ్లి చేసుకోవచ్చు, మానేసి చేసుకోకుండానూ ఉండొచ్చు. ఆ సంబంధం వాళ్లకు ఇప్పుడు కుదరదని మర్యాదగా చెప్పేయమనే నా సలహా. మంచి సంబంధం జారిపోతుందేమోనన్న భయం మీవారికి ఉంటుంది, అర్థం చేసుకోగలను. కానీ ఈ గొడవ మధ్య ఒప్పుకున్నది ఒప్పుకోలు కాదు.

మూడోది మీరు. ఇద్దరి మాటలూ మోస్తూ మధ్యలో నలిగిపోతున్నారు. ఇకనుంచి ‘ఈ మాట నాతో కాదు, నాన్నతోనే చెప్పు’ అనండి. మొదట్లో ఇల్లు మూగబోతుంది. ఓర్చుకోండి.

దారుల విషయానికొస్తే, అన్నిటికంటే ముందు భుజం. స్పోర్ట్స్ ఇంజురీలు చూసే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గర సరైన పరీక్ష చేయించి, ఏడాదికి పాతిక టోర్నీలు ఆడితే ఆ భుజం తట్టుకుంటుందా అని సూటిగా అడగండి. తట్టుకోదంటే కింద చెప్పేవాటిలో సగం అక్కర్లేదు.

భుజం బాగుందంటే ఒక దారి, గడువు పెట్టుకుని గట్టిగా ప్రయత్నించడం. ఏడాదో, ఏడాదిన్నరో ముగ్గురూ కలిసి తేల్చుకోండి. అయితే ఇప్పటిలాగే ఆడితే ఆ గడువు వృథా. లెక్క చూడండి. 15 వేల డాలర్ల టోర్నీ గెలిస్తే వచ్చేది 15 ర్యాంకింగ్ పాయింట్లు. సింగిల్స్ ర్యాంకుకు ఏడాదిలో అత్యుత్తమమైన 18 ఫలితాలు లెక్కలోకి వస్తాయి. పద్దెనిమిదీ గెలిచినా 270. స్లామ్ క్వాలిఫయింగ్‌కు సాధారణంగా 230, 240 లోపు ర్యాంకు కావాలి. ఏ మనిషీ చేయలేని ఆ పని చేసినా ఆ గీత దగ్గర తచ్చాడడమే అవుతుంది. కాబట్టి డబ్ల్యూ35, డబ్ల్యూ50 అనే పై స్థాయి ఐటీఎఫ్ టోర్నీల క్వాలిఫయింగ్‌లోకి దిగి, తనకంటే పై ర్యాంకు వాళ్లతో ఆడి ఓడడానికి సిద్ధపడాలి. మొదట్లో ర్యాంకు ఇంకా పడిపోవచ్చు, మీవారికి అది ముందే చెప్పి ఉంచాలి. గడువు చివర చూడాల్సింది ర్యాంకు ఒక్కటే కాదు. తొలి 400లో ఉన్నవాళ్ల మీద ఎన్ని మ్యాచ్‌లు గెలిచింది, ఓడినవి ఎంత దగ్గరగా వెళ్లాయి అన్నది కోచ్‌ను అడగండి. మీ దగ్గర ఫీజు తీసుకోని ఇంకో కోచ్‌ను కూడా అడగండి. ఈ దారిలో ప్రమాదం ఏమిటంటే, గడువు దాటాక ‘ఇంకొక్క ఆరు నెలలు’ అనాలనిపిస్తుంది, ముగ్గురికీ.

ఇంకో దారి డబుల్స్. పావోలీని పక్కన స్వర్ణం గెలిచిన సారా ఎర్రానీని చూడండి. ఆమె ఎత్తూ దాదాపు అంతే, సర్వీసు ఎప్పుడూ బలహీనమే. అయినా 2012లో రోలాండ్ గారోస్ సింగిల్స్ ఫైనల్ ఆడింది, సింగిల్స్‌లో 5వ ర్యాంకు, డబుల్స్‌లో నంబర్ వన్ చూసింది. రొబెర్తా విన్చీతో కలిసి నాలుగు స్లామ్‌ల డబుల్స్ టైటిళ్లూ గెలిచింది. 37 ఏళ్లకు ఒలింపిక్ స్వర్ణం మెడలో వేసుకుంది. మన హైదరాబాద్ కథ మీకు తెలిసిందే. సానియా మీర్జా సింగిల్స్‌లో 27వ ర్యాంకు దాకా వెళ్లి, గాయాల తర్వాత సింగిల్స్ వదిలేసి, 2015లో డబుల్స్ నంబర్ వన్ అయింది. డబుల్స్‌లో భుజం మీద భారం కూడా కొంత తగ్గుతుంది. కానీ కింది స్థాయిలో డబుల్స్ డబ్బు సింగిల్స్ కంటే కూడా తక్కువ. నమ్మకంగా కలిసి తిరిగే జోడీ దొరకాలి. పైగా ఎర్రానీ, సానియా ఇద్దరూ సింగిల్స్‌లో పైదాకా వెళ్లినవాళ్లే. డబుల్స్ అంటే తేలిక దారి అనుకోవద్దు. నెట్ దగ్గర మీ అమ్మాయికి చేయి ఉందా లేదా అన్నది కోచ్ చెప్పాలి.

మూడోది ఆటలోనే ఉంటూ బతుకుదెరువు చూసుకోవడం. రైల్వేల్లాంటి చోట స్పోర్ట్స్ కోటా నోటిఫికేషన్లు వస్తుంటాయి. రైల్వేల్లో ఆ కోటాకు సాధారణంగా 25 ఏళ్లే పరిమితి. మీ అమ్మాయికి 23. మీ ఇంట్లో ఎవరూ చూడని గడియారం ఇదే. పైన చెప్పిన గడువు పెట్టుకున్నా, దరఖాస్తులు మాత్రం ఇప్పటినుంచే వేస్తూ ఉండాలి. జాతీయ స్థాయి సర్టిఫికెట్లన్నీ వెతికి ఒక ఫైల్లో పెట్టండి. ఉద్యోగం వస్తే ఐటీఎఫ్ టోర్నీలు తగ్గుతాయి, జాతీయ పోటీలు మిగులుతాయి. జీతం మాత్రం నెలనెలా వస్తుంది. కోచింగ్ వైపు వెళ్లడం కూడా గౌరవమైన దారే. స్ట్రింగ్స్ వేయడం దగ్గరి నుంచి అన్నీ తెలిసిన పిల్ల.

పూర్తిగా ఆపేయడం నాలుగోది. దాన్ని ఓటమి అనుకోవద్దు. ఇక్కడ పెన్నెట్టా గురించి ఒక మాట చెప్పాలి. 2012లో మణికట్టుకు ఆపరేషన్ అయ్యాక ఆమె తొలి వందలోంచి కిందికి జారిపోయింది. అప్పుడే మానేయొచ్చు. మానలేదు. మళ్లీ కష్టపడి 2013 యూఎస్ ఓపెన్ సెమీస్ చేరింది, 2014లో ఇండియన్ వెల్స్ గెలిచింది. 2015లో యూఎస్ ఓపెన్‌కు ముందే, ఇక చాలు అని మనసులో నిర్ణయించుకుంది. ఆ టోర్నీలో సెరెనాను ఓడించి వచ్చిన రొబెర్తా విన్చీ ఫైనల్లో ఎదురైంది. ఇద్దరూ దక్షిణ ఇటలీలోని పూలియా ప్రాంతం వాళ్లే, చిన్నప్పటి నుంచి స్నేహితులు, జూనియర్స్‌లో డబుల్స్ జోడీ. మ్యాచ్ అయ్యాక నెట్ దగ్గర చాలాసేపు కౌగిలించుకున్నారు. బహుమతులు ఇచ్చేదాకా పక్కపక్కనే కూర్చుని ఇద్దరు ఆడపడుచుల్లా కబుర్లు చెప్పుకున్నారు. ఆ తర్వాత పెన్నెట్టా కప్పు పట్టుకుని, ఈ ఏడాదితో ఆపేస్తున్నానని చెప్పింది. ఆమె ఆ మాట అంత ప్రశాంతంగా చెప్పగలిగిందంటే కారణం, ఆ నిర్ణయం తను తీసుకున్నది. ర్యాంకు పడిపోయినప్పుడు తీసుకోలేదు, ఎవరో తీసుకోమంటే తీసుకోలేదు.

మీ అమ్మాయి చేతిలో అలాంటి కప్పు ఉండకపోవచ్చు. కానీ ఆపే మాట ఆమె నోటి నుంచే రావాలన్నది ఇద్దరికీ ఒకటే. నాన్న ఆపిస్తే నలభై ఏళ్లు వచ్చాక కూడా ‘ఇంకొక్క ఏడాది ఆడనిచ్చి ఉంటే’ అనుకుంటూ ఉంటుంది. మీవారి చేతిలో ఉన్నది డబ్బు ఆపడం. ఆట ఆపడం ఆయన చేతిలో లేదు. ఈ రెండింటి తేడా ఆయనకు చెప్పగలిగింది మీరే.

కాబట్టి ‘ఆడమనాలా, ఆపమనాలా’ అన్నదానికి మీరు జవాబు చెప్పనక్కర్లేదు. ఆమె అడిగినా చెప్పకండి. భుజం రిపోర్టు రాగానే ఒక ఆదివారం, కొడుకు కూడా ఉన్నప్పుడు, నలుగురూ కూర్చోండి. మీవారు కొత్త పేజీలో రాసిన అంకె చదవాలి, పాత లెక్కలు ఎత్తకూడదు. అమ్మాయి తన ప్లాను కాగితం మీద పెట్టాలి. ఏ టోర్నీలు, ఎంత ఖర్చు, ఎప్పటిదాకా, అప్పటికి ఏం కాకపోతే ఏం చేస్తుంది అన్నది రాయాలి. పావోలీని పేరు ఆ రోజు ఎవరూ తీయకూడదని ముందే అనుకోండి. ఆ కాగితం రాయడానికి కూర్చుంటే చాలు, తనకు ఇంకా ఆడాలని ఉందో లేదో ఆమెకే తెలుస్తుంది. రాయలేక పక్కన పడేసినా కోప్పడకండి, ఒక వారం ఆగి మళ్లీ అడగండి. డాక్టర్ భుజం గురించి ఏమన్నారో, కోచ్ ఏమన్నారో నాకు రాయండి. ఏ దారి ఎంత దూరం పోతుందో అప్పుడు ఇంకా వివరంగా మాట్లాడుకుందాం.